ఫొటోలో గొడుగే కాదు, మొదలు కూడా చూపించండి

సంపాదకులకు,

ఆరుద్ర కార్తె వానలు పడ్డాయంటే చాలు, పత్రికల్లో పుట్టకొక్కుల, అదే చెదపుట్టల పుట్టగొడుగుల, వార్తలు మొలుస్తాయి. ఆకు దొప్పలో పోసిన తెల్లటి మొగ్గల ఫొటో, కింద కిలో ధర, ఆ కింద ‘రోగనిరోధక శక్తి పెంచుతుంది, గుండెకు మేలు, క్యాన్సర్‌కు చెక్’ అనే వరుస. అది చదివి, పొలం గట్టు ఎన్నడూ తొక్కని వాళ్లు కూడా ఆదివారం పొద్దున్నే సంచి పట్టుకుని బయల్దేరుతున్నారు. గుణాలు రాసేటప్పుడు గుర్తులు కూడా రాయాలని, గుణాలను కూడా ఉన్నంతే రాయాలని కోరుతూ ఈ ఉత్తరం.

ముందు గుణాల లెక్క. పచ్చి పుట్టగొడుగు బరువులో దాదాపు 90 శాతం నీరే. 100 గ్రాముల్లో మాంసకృత్తులు రెండు నుంచి నాలుగు గ్రాములు, అంతే. 10 కిలోల పచ్చివి ఎండబెడితే కిలో తేలుతుంది కాబట్టి ఎండువాటిలో శాతం ఒక్కసారిగా ఎగబాకుతుంది. ‘మాంసంతో సమానం’ అన్న మాట ఆ ఎండు లెక్క నుంచి పుట్టింది. కూరలో మనం వేసేది మాత్రం పచ్చిది. అయినా ఆహారంగా మంచిదే. కొవ్వు నామమాత్రం, ఉప్పు తక్కువ, పొటాషియం బాగానే ఉంటుంది, బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది. మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించుకోవాల్సిన వాళ్లు, యూరిక్ యాసిడ్ ఎక్కువున్న వాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి తినాలి.

మందు సంగతి వేరు. ఏ జబ్బుకు, ఎంత, ఎన్నాళ్లు అన్నది తేలితేనే అది మందు. జపాన్‌లో చెట్టు మొద్దుల మీద విసనకర్రల్లా పెరిగే ఒక గొడుగు నుంచి తీసిన పీఎస్‌కే అనే పదార్థానికి 1977లో, షిటాకే అనే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్‌కు 1985లో క్యాన్సర్ చికిత్సలో అనుమతి వచ్చిన మాట నిజం. కానీ అవి శుద్ధి చేసిన మందులు. కీమోథెరపీకి తోడుగా వాడినవి. లెంటినాన్‌నైతే సూదిమందుగా ఎక్కించేవారు. ఆ రెండు పేర్లు చూపించి ఇక్కడి సంతలో గొడుగులన్నిటికీ ‘క్యాన్సర్‌కు చెక్’ అని రాయడం, వేపాకు చేదుగా ఉంటుంది కాబట్టి చేదైనదల్లా వేపాకే అన్నట్టుంది.

ఇంట్లోనే పెంచుకోగలిగిన గుణం ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ రాయరు. పుట్టగొడుగులో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది; ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అది విటమిన్ డి2గా మారుతుంది. గొడుగుల్ని ముక్కలుగా కోసి, పళ్లెంలో ఒక వరుసగా పరిచి, మిట్టమధ్యాహ్నం ఎండలో 15–20 నిమిషాలు ఉంచితే 100 గ్రాములకు సుమారు 10 మైక్రోగ్రాముల డి2 తయారవుతుంది. కిటికీ అద్దం వెనక పెడితే లాభం లేదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది. దీనికి అడవికి పోనక్కర్లేదు, బజారులో డబ్బాలో దొరికే బటన్ పుట్టగొడుగు చాలు.

ఇక గుర్తింపు. పుట్టకొక్కు చెదపురుగులు సాగు చేసే పంట. అవి నమిలి తెచ్చిన ఆకును, కట్టెను నేల లోపల స్పాంజిలాంటి గూడుగా కట్టి, దాని మీద ఈ బూజును పెంచి తింటాయి. వానకు నేల నానాక ఆ గూట్లోంచి గొడుగు పైకి పొడుచుకొస్తుంది. చెదలు లేకుండా దీన్ని షెడ్డులో పెంచడం ఇంతవరకూ సాధ్యం కాలేదు, సంతలో అంత ధర పలకడానికి కారణం అదే. పైకి పుట్ట కనబడాలని కూడా లేదు. చాలా గూళ్లు చదును నేల కిందే ఉంటాయి.

గుర్తుపట్టాలంటే మొదటిదాన్ని నేలమట్టానికి కోయకండి. గునపంతో పక్కనుంచి మట్టి తీస్తూ కాడ వెంటే కిందికి దిగండి. అసలైనదైతే కాడ నేలలోకి సన్నబడుతూ వేరులా సాగిపోతుంది: జానెడు, మూరెడు, ఒక్కోచోట అంతకన్నా లోతు. చివర చెదల గూడు తగులుతుంది. తొందరపడి లాగితే ఆ వేరు సగంలో తెగిపోయి, అసలు ఆధారమే మట్టిలో ఉండిపోతుంది. గొడుగు నడినెత్తిన గట్టి మొన ఉంటుంది, నేలను చీల్చుకు రావడానికి. కింది రేకులు తెల్లగా మొదలై లేత గులాబీకి తిరుగుతాయి. తవ్వినప్పుడు కాడ అడుగు ఉల్లిగడ్డలా ఉబ్బి ఉన్నా, దాని చుట్టూ చిరిగిన సంచిలాంటి పొర కనిపించినా అక్కడే వదిలేసి చేతులు కడుక్కోవాలి. ప్రాణాలు తీసే రకాలున్న అమనిటా జాతి గుర్తు అది. ఒకటి తవ్వి రూఢి చేసుకున్నాక మిగతావాటిని నేలమట్టానికి కోసుకుంటే చాలు. గూడు చెడకపోతే మళ్లీ ఏడాది అక్కడే దొరుకుతాయి.

‘కాడకు ఉంగరం ఉంటే విషం’ అని కొందరు చెబుతారు. పుట్టకొక్కుల్లోనే ఒక రకానికి ఉంగరం ఉంటుంది, విషపువాటిలో ఉంగరం లేనివీ ఉంటాయి. వేరు పరీక్షకూ ఒక మినహాయింపుంది. గోరంత గొడుగులు వందల కొద్దీ ఒకేసారి తెల్లగా పరుచుకునే చిట్టి రకానికి లోతు వేరు ఉండదు, చెదలు బయట పారబోసిన గూటి ముక్కల మీదే అది మొలుస్తుంది. తరతరాలుగా ఏరుతున్న వాళ్లు పక్కన లేకపోతే దాని జోలికి పోవద్దు.

అనుమానం మిగిలితే కాగితం మీద ముద్ర తీయాలి. పూర్తిగా విప్పారిన గొడుగు కాడ తీసేసి, రేకులు కిందికి వచ్చేలా సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూయండి. నాలుగు నుంచి పన్నెండు గంటల్లో పొడి రాలి రేకుల ఆకారం అచ్చు పడుతుంది. పుట్టకొక్కుకు లేత గులాబీ, వరిగడ్డి గొడుగుకు ఇటుక గులాబీ, అమనిటాకు తెలుపు. ఆకుపచ్చ పడిందా, చెత్తబుట్టలో వేయండి. మొగ్గ దశలో ఉన్నవాటికి ముద్ర రాదు. ముద్ర ఒక్కటే చూసి తినేయడమూ తప్పే: అది కాదనడానికి పనికొచ్చినంత, అవుననడానికి పనికిరాదు.

ఆ ఆకుపచ్చ ముద్ర వేసేది మన ఊళ్లలో చాలామంది చూసిన గొడుగే. వాన పడ్డ మర్నాడు పార్కు గడ్డిలో, అపార్ట్‌మెంట్ లాన్‌లో, పశువుల బీళ్లలో జానెడు వెడల్పున తెల్లగా విప్పుకుంటుంది, ఒక్కోసారి గుండ్రంగా బారులు తీరి. నడిమధ్య గోధుమరంగు మచ్చ, చుట్టూ పొలుసులు, కాడ మీద పైకీ కిందికీ జరిగే ఉంగరం. దీన్ని క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అంటారు. లేతప్పుడు దీని రేకులూ తెల్లగానే ఉంటాయి, ముదిరితేనే పచ్చబారతాయి, మోసమంతా అక్కడే. తిన్న గంట నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, ఒక్కోసారి నెత్తురు పడుతుంది. పెద్దవాళ్లు సెలైన్‌తో తేరుకుంటారు గానీ పసిపిల్లల్లో ఒంట్లో నీరు చాలా వేగంగా తగ్గిపోతుంది.

ఇంతకన్నా ప్రమాదం విదేశాల్లో ఉన్న మనవాళ్లకుంది. గోదావరి, కృష్ణా జిల్లాల్లో వరిగడ్డి వామి పక్కన కోడిగుడ్డు ఆకారంలో మొలిచే వరిగడ్డి గొడుగు తినదగినదే. దానికి అడుగున సంచి ఉంటుంది, ఉంగరం ఉండదు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఓక్ చెట్ల కింద మొలిచే డెత్ క్యాప్ అనే అమనిటా కూడా మొగ్గ దశలో అచ్చం అలాగే గుడ్డులా ఉంటుంది. ఆసియా నుంచి వెళ్లిన వాళ్లు మన ఊరి రకమే అనుకుని కోసుకుని తిన్న ఘటనలు వైద్య పత్రికల్లో మళ్లీ మళ్లీ నమోదయ్యాయి. 2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో ఈ డెత్ క్యాప్ తిని 14 మంది ఆసుపత్రి పాలైతే ముగ్గురికి కాలేయ మార్పిడి చేయాల్సివచ్చింది. పుట్టిన ఊళ్లో నేర్చుకున్న గుర్తులు ఆ నేలకే చెల్లుతాయి. కొత్త ఖండంలో వాటిని నమ్ముకుని అడవి గొడుగు తినకూడదు.

డెత్ క్యాప్‌లోని అమాటాక్సిన్ అనే విషం ఉడికిస్తే పోదు, ఎండబెట్టినా పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. కిలో శరీర బరువుకు 0.1 మిల్లీగ్రాము ప్రాణాంతకం కావచ్చు, అంటే 60 కిలోల మనిషికి ఆరు మిల్లీగ్రాములు. ఒక్క పెద్ద గొడుగులోనే అంత ఉండొచ్చు. వెండి చెంచా నల్లబడడం, వెల్లుల్లి రంగు మారడం, బియ్యం ఎర్రబడడం, పసుపు నీళ్లలో నానబెట్టడం, చింతపండు పులుసులో ఉడికించడం, ఇవేవీ ఈ విషాన్ని పట్టుకోలేవు, విరవలేవు. పురుగు తిన్నది మనమూ తినొచ్చు అన్నదీ తప్పే. నత్తలు, పురుగులు అమనిటాను హాయిగా తింటాయి. ముందు కోడికి వేసి చూద్దాం అనుకునేవారికీ ఒక మాట: లక్షణాలు బయటపడేసరికే ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. కోడి బాగానే తిరుగుతోందని ఈలోపు ఇంటిల్లిపాదీ తినేసి ఉంటారు.

అందుకే తిన్న వేళ, వాంతి మొదలైన వేళ రాసి పెట్టుకోవాలి. మూడు గంటల్లోపే మొదలైతే చాలావరకు కడుపుతోనే పోయే విషం. ఆరు గంటలు దాటాక మొదలైతే కాలేయానికి ముప్పు అనుకుని పరుగెత్తాలి. రెండు రకాలు కలిపి వండి ఉంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు, తొందరగా వచ్చిన వాంతుల వెనక ఆలస్యంగా వచ్చే విషం దాగి ఉండొచ్చు. అమాటాక్సిన్ విషంలో అన్నిటికన్నా మోసం చేసేది రెండో రోజు. వాంతులు, విరేచనాలు తగ్గి రోగి లేచి కూర్చుంటాడు, ఇంటికి పంపేయమంటాడు. కాలేయం పాడవడం అప్పుడే సాగుతూ ఉంటుంది. మూడో రోజుకు కళ్లు పచ్చబడతాయి. కాబట్టి ఒక్కసారి రక్తపరీక్ష చేసి బాగుందని వదిలేయకుండా, కాలేయ పరీక్షలు, రక్తం గడ్డకట్టే సమయం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రెండు మూడు రోజుల పాటు మళ్లీ మళ్లీ చూడమని బంధువులే అడగాలి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి గొడుగులు తిని 13 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్లు. అలాంటి చోట్ల ఆసుపత్రికి చేరడంలో జరిగే ఆలస్యమే సగం ప్రాణం తీస్తుంది.

ఇంట్లో చేయగలిగింది కొంచెమే. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. 108కి ఫోన్ చేయండి. తరగగా మిగిలిన ముక్కలు, వండని గొడుగు, చివరికి చెత్తబుట్టలో పడేసిన కాడ మొదలైనా సరే, కాగితంలో చుట్టి రోగితో పాటు పంపండి. దిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117 నంబరుకు ఫోన్ చేసి డాక్టర్ కూడా సలహా తీసుకోవచ్చు. అదే కూర తిన్నవాళ్లందర్నీ, ‘నాకేం కాలేదు’ అంటున్నవాళ్లతో సహా, తీసుకెళ్లాలి.

విషం లేని గొడుగూ కడుపు పాడు చేస్తుంది, ఆ సంగతి వార్తల్లో రాదు. పొద్దున కోసినదాన్ని పాలిథిన్ కవర్లో బిగించి, బస్సులో వంద కిలోమీటర్లు తెచ్చి, సాయంత్రం వండితే అది కుళ్లిన మాంసం తిన్నట్టే. కవర్లో చెమ్మ పట్టి, వేడెక్కి, జిగురు మొదలవుతుంది. వెదురు బుట్టలోనో ఆకుల్లోనో గాలాడేలా తేవాలి. ఫ్రిజ్‌లో కాగితం సంచిలో పెడితే ఒకటి రెండు రోజులు, అంతకు మించి వద్దు. జిగురు, పులిసిన వాసన, రేకుల మధ్య తెల్ల పురుగులు కనిపిస్తే పారేయాలి. మట్టి పోవడానికి ఉప్పు నీళ్లలో ఐదు నిమిషాలు ముంచి తీస్తే చాలు, నానబెడితే నీళ్లు తాగి సాగుతుంది. ముందు నూనె లేకుండా గిన్నెలో వేస్తే దాని నీరు అదే వదులుతుంది. ఆ నీరు ఇగిరేదాకా ఉడకనిచ్చి తర్వాత పోపులో వేయండి, మొత్తం 15–20 నిమిషాలకు తగ్గకూడదు. గొడుగు గోడలు కైటిన్‌తో, అంటే పీత డొప్పలో ఉండే పదార్థంతో కట్టి ఉంటాయి. సగం ఉడికితే అరగదు. కొత్త రకమైతే మొదటిసారి ఒక్కొక్కరికీ నాలుగైదు ముక్కలే, ఒక్క రకమే, ఒకటి వండకుండా మర్నాటి దాకా దాచి ఉంచాలి. ఎండబెట్టేటప్పుడు విరిస్తే పుటుక్కున విరగాలి. వంగిందంటే లోపల తేమ ఉన్నట్టే, డబ్బాలో బూజు పడుతుంది.

కల్లు తాగేవాళ్లు పెంటకుప్పల దగ్గర మొలిచి నల్ల సిరాలా కరిగిపోయే గొడుగులకు దూరంగా ఉండాలి. వాటిలో ఒక రకంలోని కోప్రిన్ వల్ల, తిన్న రెండు మూడు రోజుల దాకా ఏ మద్యం తాగినా ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వస్తాయి. ఇంకొకటి, పుట్ట ఎవరి చేలో ఉందో కనుక్కోండి. చెదల కోసం రైతులు పుట్టల్లో క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందు పోస్తుంటారు. రహదారి అంచున, పారిశ్రామికవాడ పక్కన మొలిచినవీ వద్దు. నేలలోని కాడ్మియం, సీసం, పాదరసాన్ని పుట్టగొడుగు కూరగాయకన్నా బాగా లాగేసుకుంటుంది.

ఇక ‘ఔషధ గొడుగు’ అని అన్నిటికన్నా ఎక్కువ ప్రచారం పొందిన గానోడెర్మా. చైనాలో లింగ్‌ఝి, జపాన్‌లో రేషి. పైన లక్కపూత పూసినట్టు ఎర్రగా మెరుస్తూ, అడుగున తెల్లగా, చెట్టు మొదలుకు చెక్క పలకలా అతుక్కుని ఉంటుంది. కోనసీమ, ఉద్దానం కొబ్బరి రైతుకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. మొదలు దగ్గర ఎర్రటి బంక కారి, చెట్టు చచ్చిపోయే ముందు కనిపించే ఆ పలకలు ఈ జాతివే. తోటలో తెగులు, కాఫీ సాచెట్‌లో అమృతం! వాటిని కోసి కషాయం కాచుకోవడం మంచిది కాదు: ఆ తెగులుకు వేరు ద్వారా హెక్సాకొనజోల్ అనే తెగులు మందు ఎక్కించడం మామూలు, పైగా ఆ జాతిలో ఏ రకమో చూపుతో తేల్చడం కష్టం.

కొన్నది వాడాలనుకునేవారు లేబుల్ మీద మిల్లీగ్రాములు చదవాలి. చైనా ఔషధ గ్రంథం చెప్పే మోతాదు రోజుకు 6 నుంచి 12 గ్రాముల ఎండు గొడుగు, కషాయంగా. గానోడెర్మా కలిపిన కాఫీ సాచెట్‌లో మామూలు పొడి 200 మిల్లీగ్రాములే ఉంటే, ఆరు గ్రాములు కావడానికి రోజుకు 30 కాఫీలు తాగాలి. సారం అని రాస్తే ఎన్ని రెట్లు చిక్కబరిచారో కూడా రాయాలి. నీళ్లలో గంటకు పైగా మరిగిస్తే బీటా గ్లూకాన్లు దిగుతాయి, చేదునిచ్చే ట్రైటెర్పీన్లు బాగా దిగాలంటే ఆల్కహాల్ కావాలి. అసలు చేదే లేని ‘గానోడెర్మా’లో ఏముందో అమ్మినవాడినే అడగాలి. షుగరు, గుండె జబ్బు ముప్పు తగ్గిస్తుందన్న దానికి అప్పటిదాకా జరిగిన పరీక్షల్లో ఆధారం లేదని 2015లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు డాక్టర్‌కు చెప్పకుండా ముట్టుకోవద్దు. నెలల తరబడి పొడి మింగినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి.

హిమాలయాల కీడాజడి గురించి ఒక్కమాట. ఉత్తరాఖండ్‌లోని పితోరాగఢ్ పైకొండల్లో 3,500 మీటర్లకు పైన, గొంగళిపురుగును చంపి దాని తలలోంచి మొలిచే బూజు అది. చైనాలో పరీక్షించిన ఆ బూజు ఉత్పత్తుల్లో కిలోకు 4.4 నుంచి 9.9 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉందని 2016లో చైనా ప్రభుత్వమే హెచ్చరించింది. ఆరోగ్య ఆహారాలకు అక్కడి పరిమితి ఒక మిల్లీగ్రాము. ఆన్‌లైన్‌లో ఆ పేరుతో నారింజ రంగులో వచ్చేది వేరే జాతి, సీసాల్లో పెంచింది. అది మోసం అనలేం గానీ, ధర ఒకదానిది, సరుకు మరొకదానిది కాకుండా చూసుకోవాలి.

పుట్టగొడుగు తినాలన్న కోరికే అయితే పాల పుట్టగొడుగు మన వేడికి సరిపోయింది, 30–35 డిగ్రీల్లో బాగా వస్తుంది, ఇంట్లో గడ్డి సంచుల్లో పెంచుకోవచ్చు. అడవి రుచి దానికి రాదు, అది ఒప్పుకోవాల్సిందే.

మీకు విన్నపం ఒకటే. వచ్చే వానాకాలం పుట్టకొక్కుల వార్త వేసేటప్పుడు దొప్పలో మొగ్గల ఫొటోతో ఆపకండి. రేకులు కనబడేలా ఒకటి, వేరుతో సహా తవ్వి తీసిన కాడది ఒకటి, నిలువునా కోసిన ముక్కది ఒకటి వేయండి. సంతకు వెళ్లిన విలేకరిని, అమ్ముతున్న అవ్వను కిలో ఎంత అని అడిగాక, ఎంత లోతు తవ్వితే వచ్చిందని కూడా అడిగి రాయమనండి.

భవదీయులు,
పుట్టగొడుగుల గుర్తింపు, పెంపకం పనిలో ఉన్న కొందరు పాఠకులు